కాలు చూపిస్తే కాలం అడిగింది

ఘానాలోని కుమాసీ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వాచిన చీలమండతో వచ్చాడు యావ్ అసారే. రక్తపోటు చూస్తే నూట డెబ్బై. నర్సు అఫియా రంగుల పట్టిక తీసింది. వయసు, సిగరెట్లు, రక్తపోటు చెబితే, వచ్చే పదేళ్ళలో గుండెకి గండమెంతో ఆ పట్టిక చెబుతుంది. పసుపు గడి అయితే సలహాతో సరి. నారింజ అయితే ఈరోజే మాత్రలు.

"వయసెంత మావయ్యా?"

"మావయ్యేంటి, అన్నయ్యని! నలభై." గుర్తింపు కార్డు ఆమె ముక్కు ముందు ఆడించాడు. "అయినా కాలు చూడమంటే కాలం అడుగుతావేం? వేళ్ళు లెక్కపెట్టు, ఏళ్ళెందుకు?"

అఫియాకి ఒళ్ళు మండింది. మూడు వారాల్లో నలభై ఆరుగురికి ఈ పట్టిక చూసింది. గుండె క్లినిక్ గడప తొక్కింది ఇద్దరంటే ఇద్దరు.

నలభై గడి మీద వేలు పెట్టింది. పసుపు. కానీ ఇతగాడి జుట్టుకేసిన నల్లరంగు చెమటకి మెడ మీదికి కారుతోంది! కార్డు లాక్కుని, ఫోనులో క్యాలెండరు తెరిచింది.

"1984 మార్చి మూడు శనివారం. మనకి పుట్టిన వారాన్ని బట్టే కదా పేరు! శనివారం పుడితే క్వామే అవ్వాలిగా? గురువారం పుట్టినవాడే కదా యావ్?"

పక్క మంచం మీది ముసలమ్మ పకపకా నవ్వింది. "వాళ్ళమ్మ గురువారం మొదలెట్టి శనివారందాకా కన్నదేమోలేవే!"

యావ్ గొంతు తగ్గించాడు. "అది బంతాట కోసం రాయించుకున్న వయసు సిస్టర్. నలభై దాటితే జట్టులోంచి తీసేస్తారు. ఈ యావ్‌కున్న యావ అదొక్కటే."

"అసలు వయసు చెప్పు."

"బండ్లన్నీ ఎడమవైపు మాని కుడివైపు నడిచిన వారం పుట్టానంది అమ్మ."

అంటే దేశంలో బండ్లు కుడికి మారిన 1974. యాభై! వేలు కిందికి జరిపితే నారింజ.

"బండ్లు కుడికి మారాయి గానీ గుండె ఎడమనే ఉంది, మావయ్యా. దానికి చూపించు నీ కార్డు, నమ్ముతుందేమో!"

మాత్రలకీ గుండె క్లినిక్‌కీ ఆమె రాసిన చీటీని యావ్ మడిచి, చీలమండకి కట్టిన పట్టీలో దోపుకున్నాడు. "మా జట్టువాళ్ళు బయటున్నారు, చూస్తారు."

"పట్టీ విప్పేది వారం తర్వాత! మాత్ర ఈరోజు వెయ్యాలి!"

"గోల చెయ్యకు సిస్టర్. గోల్ చేసేవాణ్ణి, గోల భరించలేను."

అఫియా చీటీ లాగింది, తనే వెళ్ళి మాత్రలు తెచ్చింది, నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడింది. యావ్ మింగాడు. అప్పుడే జట్టువాడొకడు తలుపులోంచి తొంగి చూశాడు.

"ఏం మాత్రరా అది?"

"కాలినొప్పికి," అన్నాడు యావ్, నలభయ్యేళ్ళ ధీమాతో.

అఫియా పళ్ళు కొరుకుతూ పుస్తకంలో నలభై ఏడో పేరు రాసింది. 'క్లినిక్‌కి వచ్చారా' అన్న గడి, ఎప్పట్లాగే, ఖాళీ.