అటక కింద మంట

నవంబరులో వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ వెళ్లిన మర్నాటి నుంచి ఆ కొండమీద ఎవరి తోపులోనైనా ఎవరైనా చెస్ట్‌నట్ కాయలు ఏరుకోవచ్చు. సొంతానికి ఒక్క చెట్టూ లేని ఎర్సీలియా ఏటా ఆ రోజు కోసమే కాచుకుని ఉండేది. ఆసాములు ఏరుకుపోగా మిగిలినవి ఆకుల కింద నానిపోయి, సగానికి సగం పురుగు పట్టి ఉండేవి. వాటినే నడుం విరిగేలా ఏరి, నీళ్లలో పోసి, తేలినవి పారేసి, మునిగినవి వంటింటి పొయ్యి మీదున్న తడికల అటకపైన పరిచేది. కింద నెల పైచిలుకు పొగ పెడితే అవి గులకరాళ్లలా ఎండేవి. మర పట్టిస్తే చలికాలమంతా సంకటికి పిండి.

ఈ ఏడు ఆమె ఒక్కతే ఏరింది. మొగుడు గాస్పెరో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పొయ్యి పక్కన మంచం పట్టాడు. లేస్తాడన్న ఆశ డాక్టరుకూ లేదు. జ్వరంతో వణుకుతూనే గాస్పెరో చూపు మాత్రం నిప్పు మీంచి తిప్పేవాడు కాదు. కాయలకు మంట పనికిరాదు. దుంగ అంటుకోగానే నిరుటి కాయల పొట్టు కప్పి, పొగ తప్ప మంట లేవకుండా చూడాలి. మంట తగిలితే పెంకు బిగుసుకుపోయి చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఆ కాయ క్రిస్మస్ దాకా కూడా నిలవదు, బూజు పడుతుంది.

ఆ నిప్పు కాయలకు సరిపోయేది కానీ మనిషికి చాలేది కాదు. అయినా పళ్లు టకటకమంటుండగానే, ఇంకాస్త పొట్టు వెయ్యమని అతనే పురమాయించేవాడు.

చూడవచ్చిన అతని చెల్లెలు జెలిందా నవ్వింది. "పెళ్లినాడు కూడా మా అన్నయ్య నీ వంక ఇంతలా చూడలేదు వదినా, ఆ పొయ్యిని చూస్తున్నట్టు."

ఎర్సీలియా కూడా నవ్వింది. వెళ్లేటప్పుడు జెలిందా గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, తన పిల్లలకే పిండి చాలదనీ, ఈ ఏడు తనమీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పింది. ఎర్సీలియా తల ఊపింది.

మంచు కురుస్తున్న ఓ మధ్యాహ్నం గాస్పెరోకు మతి తప్పింది. పెళ్లాన్ని గుర్తుపట్టలేదు.

"అమ్మా, చలేస్తోందే," అన్నాడు. "నన్ను పొయ్యిలో పెట్టవే."

ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. పక్కన పడుకుని వాటేసుకుంది. అతని వణుకుకు ఆమె ఒళ్లూ ఊగిపోయింది. కాసేపు అలాగే ఉండి, లేచి, ఇనపకడ్డీతో పొట్టంతా పక్కకు లాగి, ఎండు కొమ్మలు వేసింది. మంట తడికలకు జానెడు దూరం దాకా లేచింది. అతని చేతుల్లోకి వేడి వచ్చింది. నిద్రపోయాడు. పొద్దుగూకేదాకా ఆమె కొమ్మలు వేస్తూనే ఉంది. పైన కాయలు చిటపటమంటున్నా తలెత్తలేదు.

మర్నాడు పొద్దున అతనికి తెలివి వచ్చింది. ఒక కాయ తెమ్మన్నాడు. ఇంకా ఎండలేదని ఆమె తప్పించుకోబోయింది.

"తెమ్మన్నానా."

నిచ్చెనెక్కి, అంచుల్లో వెతికి, ఉన్నవాటిలో తక్కువ నల్లబడినది తెచ్చింది. అతని చేతుల్లో బలం లేదు. ఆమే రాతితో పగలగొట్టింది. పెంకు మాడి ఉంది. లోపల పప్పు పచ్చిగా, తడితడిగా ఉంది.

"ఎవరి కోసం చేశావే ఇది?"

"నీ కోసమే."

"నేనింక తినేదేముంది? వసంతం దాకా నీకు సరిపోవాలనే కదా ఇన్నాళ్లూ ఈ చలి ఓర్చుకున్నాను."

"నిన్న నన్ను అమ్మా అన్నావయ్యా," అంది ఎర్సీలియా.

అతను గోడవైపు తిరిగాడు.

ఆమె మళ్లీ పైకెక్కి, కాయలన్నీ ముందుకు లాక్కుని ఒక్కొక్కటే నొక్కి చూసింది. పనికొచ్చేవి దోసిలి కూడా నిండలేదు. తోపుల్లో మళ్లీ ఏరుదామంటే మోకాలి లోతు మంచు. కిందికి దిగేసరికి గాస్పెరో మళ్లీ వణుకుతున్నాడు. పొట్టు బుట్టను కాలితో పక్కకు నెట్టి, మూలనున్న పెద్ద దుంగ ఎత్తి నిప్పుల మీద వేసింది. పైన పాడవడానికి ఇంకేమీ లేదు. మంట బాగా లేచింది, గది వెచ్చబడింది. గోడవైపు తిరిగిన ఆ వీపు మాత్రం అలా వణుకుతూనే ఉంది.