రెండో డ్రైవరు

బడ్జెట్టు సమావేశంలో అంబులెన్సు అంశం చదవగానే అధ్యక్షురాలు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలుచుంది. ఆ జిల్లా పాలకమండలిలో పెద్దల కాలంనుంచి చెక్కుచెదరక వస్తున్న నియమం ఒకటుంది. తన బంధువుకు సంబంధించిన విషయం చర్చకు వస్తే ఎంతటి పదవిలో ఉన్నవారైనా వెలుపలి బల్లమీద కూర్చోవలసిందే. నిర్ణయం ముగిసి లోపల గంట మోగేదాకా తలుపు తాకరాదు. తాకితే తీర్మానం చెల్లదు. జిల్లాకంతటికీ ఉన్న ఒకే ఒక అంబులెన్సును నడిపేది ఆమె అక్క భర్త. అందుచేత అధ్యక్షపీఠాన్ని ఉపాధ్యక్షుడికి అప్పగించి ఆమె బయటికి నడిచింది.

నడిచినందుకు ఆమె మనసులో ఏ బెంగా లేదు. ఉన్న నిధితో కొత్త బండి కొనవచ్చు. లేదా పాతదానికి మరమ్మతు చేయించి రాత్రివేళలకు రెండో డ్రైవరును నియమించవచ్చు. రెండూ కలిపి చేయడం సాధ్యం కాదు. ముసాయిదా తయారైననాడే సభ్యులు ఒక్క గొంతుతో తేల్చేశారు: "సుడిగాలి ఉండగా ఇంకో డ్రైవరా? రేపు ఆయన మొహం ఎలా చూస్తాం?" సుడిగాలి అన్నది బావగారికి జనం ప్రేమతో పెట్టుకున్న పేరు. ఆయన బండిలో పుట్టిన ఆడపిల్ల ఒకతె ఇప్పుడు ఆ సభలోనే సభ్యురాలు. అటువంటి మనిషికి జరుగుతున్న గౌరవం చూసి మరదలి హృదయం ఉప్పొంగింది. నియమం సభలో చర్చకే కాబట్టి, రెండో డ్రైవరు మాటను ఆనాడు ముసాయిదాలోంచి తన చేత్తోనే కొట్టివేసింది.

వసారాలో పూర్వాధ్యక్షుల పటాల కింద, ఒక కాలికి అట్టముక్క ఎత్తుపెట్టిన బల్లమీద బావగారే కూర్చుని ఉన్నాడు.

"రండి అధ్యక్షులవారూ! తమర్ని కూడా గెంటేశారా?" అంటూ జరిగి చోటిచ్చాడు.

"గెంటించింది తమరే కదా బావా! లోపల కుర్చీలు ఖాళీగా ఉంటే ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"లోపలుంటే పొగుడుతారని భయమేసింది."

"పొగడ్తంటే మీకు భయమా! అక్క వింటే పడీపడీ నవ్వుతుంది. కాసేపట్లో మీకు కొత్త బండి వచ్చేస్తోంది, తెలుసా?"

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

"కొత్త బండి నాకెందుకే? పొద్దు వాలితే ఎదురొచ్చే లైటు పువ్వులా విచ్చుకుంటోంది. దాని వెనక రోడ్డుందో గొయ్యుందో తెలీడం లేదు. మొన్న ఒక పిల్ల నొప్పులు పడుతుంటే తీసుకొస్తూ కల్వర్టు దగ్గర ఆపేశాను. నర్సమ్మ టార్చి పట్టుకుని ముందు నడిచింది, నేను దాని వెలుగు చూసుకుంటూ నత్తలా నడిపాను. టైరు పాడైందని లోపలున్నవాళ్లకి అబద్ధం చెప్పాం."

ఆమె చప్పున ఆయనవైపు తిరిగింది. "బిడ్డ?"

"దేవుడి దయవల్ల క్షేమం. రోజూ భారమంతా ఆయన మీదే వేసి స్టీరింగు పట్టుకోమంటావా? పగలు నడుపుకో, చీకటి పడితే ముట్టుకోకు అన్నాడు కళ్ల డాక్టరు."

"మాకెందుకు చెప్పలేదు బావా?"

"మీ అక్కకి చెబితే మైకులో చెప్పినట్టే. ఇక మీవాళ్లంటావా, రెండో డ్రైవరుని వాళ్లంతట వాళ్లే పెడతారు, నేను నోరు విప్పక్కర్లేదు అనుకున్నాను. మీరేమో మర్యాదలు మొదలెట్టారు!"

ఆ మర్యాద తనది కూడానని తలచి ఆమె తల దించుకుంది. తాము భక్తితో వేసిన దండ ఆ మనిషి మెడకు ఉరితాడైన సంగతి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

"నువ్వెళ్లి ఒక్క మాట చెప్పు" అన్నాడాయన మెల్లగా.

"నేను తలుపు తాకితే అంశం మొత్తం కొట్టుకుపోతుంది. బండీ ఉండదు, డ్రైవరూ ఉండడు. ఆ నియమం సభ్యులకే, మీకు లేదు. మీరే వెళ్లాలి."

"అంతమందిలో నా కళ్లు పోయాయని చెప్పనా?"

"పోయాయని ఎవరన్నారు? రాత్రి నడపలేనని చెప్పండి చాలు."

"సుడిగాలికి రెండూ ఒకటే."

"బావా, నాకు తెలిశాక ఇక తెలియనట్టు ఉండలేను. గంట మోగాక లోపలికెళ్లి, ఇవాళ్టినుంచి మీరు సాయంత్రం బండి తీయకూడదని నేనే చెబుతాను. అప్పుడు మరదలు ఆపించిందంటారు. ఇప్పుడు మీరు చెబితే సుడిగాలే ఆగాడంటారు."

లోపల ఉపాధ్యక్షుడి కంఠం గట్టిగా వినిపించింది: "కొత్త బండి కొనుగోలుకు అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉన్నారా?"

ఆయన లేచాడు. చొక్కా సర్దుకుని, ఒక్క నిట్టూర్పు విడిచి, తలుపు తోసుకుని వెళ్లాడు.

చప్పట్లు మారుమోగాయి. సన్మానానికి వచ్చాడనుకున్నారు పాపం! వెలుపల ఆమె చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"చప్పట్లు ఆపండయ్యా. నాకు కొత్త బండి వద్దు. చీకటి పడితే రోడ్డు కనబడటం లేదు. పాత బండే బాగుచేయించి రాత్రికి ఇంకొకర్ని పెట్టండి."

చప్పట్లు ఆగిపోయాయి. లోపలినుంచి ఒక స్త్రీ కంఠం లేచింది. ఆయన బండిలో పుట్టిన సభ్యురాలిది.

"బాబాయ్, మొన్న మా చెల్లెల్ని తెచ్చిన రాత్రి... అది టైరు కాదా?"

"కాదు తల్లీ. నా కళ్లే. ఆ రోజే చెప్పాల్సింది, నోరు రాలేదు."

 తలుపు ఇవతల అధ్యక్షురాలు బల్లమీంచి లేచి నిలబడింది.

"చెప్పాల్సిందే బాబాయ్" అంది సభ్యురాలు. ఆ మాటలో కోపం ఉంది, ఏడుపూ ఉంది. "రెండో డ్రైవరుకే నా ఓటు."

గంట మోగింది. అధ్యక్షురాలు లోపలికి వెళ్లేసరికి రెండో డ్రైవరును పెట్టాలని తీర్మానం అయిపోయింది. కొత్త మనిషి వచ్చేవరకు రాత్రిళ్లు పొరుగు జిల్లా బండిని పిలిపించాలని కూడా నిశ్చయించారు. సభ్యురాలు బావగారి పక్కన వచ్చి కూర్చుంది, కాని ఆయన వంక చూడలేదు. ఆయనా చూడమని అడగలేదు.

సభ ముగిసేసరికి సందె చీకట్లు ముసిరాయి. అంబులెన్సును ఆవరణలోనే విడిచి, బావగారు మరదలి కారు దగ్గరికి వచ్చాడు. అలవాటు చొప్పున డ్రైవరు వైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. క్షణమాగి, కారు చుట్టూ తిరిగివచ్చి రెండో వైపు ఎక్కాడు.

ఆమె కారు కదిలించింది.

"క్లచ్చు మీదనుంచి కాలు తియ్యవే, ఇంజను ఏడుస్తోంది."

"బావా, నోరు మూసుకుని కూర్చోండి."

"కళ్లు మూశాను చాలదా, నోరు కూడానా?" అన్నాడాయన. ఆ రోజు మొదటిసారిగా నవ్వాడు.