పెద్దాయన నవ్వు

ఉద్యమాన్ని నడిపిన పెద్దాయన పోయిన సంగతి తెలిసినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో నేనొకణ్ణి కావడం నా ఖర్మ. సభల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో మిమిక్రీ చేసుకుని బతికేవాణ్ణి. ఆయన గొంతు చేస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. అలా నవ్వినవాళ్ళలోనే ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు. ఒక ప్రదర్శన ముగించుకుని బయటికొస్తే వ్యాను ఎక్కించారు. ఇంటి దగ్గర దింపుతారు కాబోలు అనుకుని, దారి కూడా చెప్పబోయాను. అంత తెలివి నాది.

కళ్ళగంతలు విప్పేసరికి కిటికీ లేని గది. చప్పుడు బయటికి పోకుండా గోడలనిండా పరుపులు కొట్టారు. బల్ల, మైకు, ఒక ఎర్ర బల్బు. బల్బు వెలిగితే నేను పెద్దాయన్ని. ఆరితే ఖైదీని.

బల్లకు అవతల ఒకతను కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ఆఫీసులో మాట్లాడినట్టు నెమ్మదైన మాట. అందుకే అతనికి మేనేజరని పేరు పెట్టుకున్నాను.

"ఆయన లేరని తెలిస్తే ఉద్యమం చెల్లాచెదురైపోతుంది. రేడియోలో నువ్వు మాట్లాడు. పని అయ్యాక ఇంటికి పంపించేస్తాం" అన్నాడు.

మాట్లాడకపోతే ఏమవుతుందో చెప్పలేదు. పిస్తోలు బల్ల మీద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

పెద్దాయన ఎప్పుడూ లైవులోనే మాట్లాడేవాడు కాబట్టి నాకూ అదే ఏర్పాటు చేశారు. మొదట్లో వణుకుతూ చదివాను. పోనుపోను అతను రాసుకొచ్చిన మాటలు నాకు నచ్చేవి కావు. "సార్, 'శత్రువులను నిర్మూలించండి' అని పెద్దాయన అనరు. 'ఇంట్లో పాము దూరితే ఏం చెయ్యాలో కూడా నేనే చెప్పాలా?' అంటారు" అన్నాను ఒకరోజు. అనేశాక నాలిక కరుచుకున్నాను. మేనేజరు మాత్రం ముచ్చటపడి రాసుకున్నాడు. ఆ మాట విని బయట జనం ఏం చేశారో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. మాట భలే కుదిరిందన్న సంబరం మాత్రం ఆ పూటంతా ఉంది. సిగ్గులేని సంబరం.

తలుపు దగ్గర కాపలా ఉండేవాడు ఒకప్పుడు తాపీమేస్త్రీ. వాడు వస్తున్నాడంటే ముందు గొళ్ళెం చప్పుడయ్యేది కాబట్టి వాడు గొళ్ళెం అయ్యాడు. బల్బు ఆరివుంటే "అన్నా, టీ" అనేవాడు. వెలిగిందంటే తలుపు వారగా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"మాట్లాడేది నేనేనయ్యా బాబూ, నీకు తెలుసుగా!" అన్నాను ఒకసారి.

"తెలుసన్నా. అయినా వింటుంటే ఆయనే."

అలాంటివాడితో ఏం వాదిస్తాం?

తర్వాత ఒక కాగితం వచ్చింది. సమ్మెలో చేరని బస్సు డిపో గురించి. శుక్రవారం పొద్దున మనం అక్కడికి వస్తున్నాం, అక్కడ దొరికినవాళ్ళను వదిలేది లేదు అని అందులో ఉంది. ఆ డిపోలో మా అక్క టికెట్లు ఇస్తుంది. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. నా కోసం ఇప్పుడు ఎన్ని గడపలు ఎక్కి దిగుతోందో! మేనేజరుకి చెబితే వదిలేస్తాడేమో అని ఒక్క క్షణం అనిపించింది. వదలడు, అక్కను కూడా పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెడతాడు. నోరు మూసుకున్నాను.

నాకు తోచిన దారి ఒక్కటే. పెద్దాయన నవ్వడు. జనం కష్టాలు తీరేదాకా నవ్వనని ఒట్టేసుకున్నాడని ఆయన మనుషులు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నేను మధ్యలో నవ్వితే చాలు, ఇది దొంగగొంతని అందరికీ తెలిసిపోతుంది. పైగా ఎన్ని గొంతులు మార్చినా నవ్వు మాత్రం నాదే, ఎక్కిళ్ళతో మొదలై కీచుమంటుంది. అక్క వెంటనే పోల్చుకుంటుంది. నేను ఎవరి చేతుల్లో ఉన్నానో అర్థమై, డిపో ఛాయలకు కూడా పోదు. నన్ను చంపుతారు. చంపనీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నామీద నాకు గౌరవం కలిగింది.

"శుక్రవారం పొద్దున డిపోకి వస్తున్నాం. దొరికినవాళ్ళను వదిలేది లేదు" అని చదివి, నవ్వాను. కడుపారా నవ్వాను.

మేనేజరు స్విచ్చి మీద పడ్డాడు. బల్బు ఆరింది. చెంప ఛెళ్ళుమంది. కిందపడ్డ నన్ను జుట్టు పట్టి లేపి పిస్తోలు కణతకు ఆనించాడు. అప్పుడే ఫోను మోగింది. వింటూ వింటూ పిస్తోలు దించాడు.

"పెద్దాయన నవ్వారని వీధుల్లోకి వచ్చేస్తున్నారట. కష్టాలు తీరే రోజు వచ్చేసిందట!" అన్నాడు. నా చొక్కాకు అంటిన దుమ్ము తనే దులిపాడు. "నాకీ ఆలోచన రాలేదు చూడు."

నాకు ఏడుపొచ్చింది. నేనేం చేసినా వాళ్ళకు పెద్దాయనే. సరే, వాళ్ళు నమ్మితే నమ్మారు, అక్క మోసపోదు. విన్నది, వెళ్ళిపోయింది అని నాకు నేనే చెప్పుకుంటూ శుక్రవారం దాకా గడిపాను.

ఆ సాయంత్రం గొళ్ళెం టీ పట్టుకొచ్చాడు. ఒంటినిండా కిరసనాయిలు వాసన.

"మేం వెళ్ళేసరికి డిపో ఖాళీ అన్నా! రేడియో విని అందరూ ముందే పారిపోయారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. గ్లాసు అందుకున్నాను. "ఎవ్వరూ లేరా?"

"టికెట్ల గదిలో ఒకావిడ ఉంది. వెళ్ళిపోదాం రమ్మని తోటివాళ్ళు ఎంత బతిమాలినా కదల్లేదట. ఎందుకు కూర్చున్నావమ్మా అని నేనే అడిగాను."

"ఏమంది?"

"'మా తమ్ముడు ఇవాళ వస్తానన్నాడు బాబూ' అంది. రేడియోలో నవ్వు విందట. మాలో ఒక్కొక్కడి మొహంలోకీ చూస్తోంది, వాడేడీ, వాడేడీ అంటూ."

టీ నా కాళ్ళమీద ఒలికిపోయింది. గొళ్ళెం కంగారుగా తన తువ్వాలుతో తుడిచాడు.

"ఆవిణ్ణి ఏం చేశారు?"

వాడు తలొంచుకున్నాడు. "నాకూ పాపమే అనిపించిందన్నా. కానీ పెద్దాయన మాట. ఎలా కాదంటాం?" అని నన్నే అడిగాడు.