కుడి పక్క మూడో నల్ల మెట్టు

ఆదివారం తొమ్మిదింటికి ఆరాధన అంటే తొమ్మిదిన్నరకని బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు చర్చిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. బళ్లు నడిపే జనం కదా, ఆలస్యం వాళ్లని బాధించదు. అందరికన్నా ముందు వచ్చేది పాస్టర్ ఆదినారాయణగారు. పాస్టరుకి ఆ పేరేమిటని నవ్వకండి. బాప్తిస్మం తీసుకునేనాటికే ఆయన పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. పేరు మార్చుకుందామంటే సర్వీసు రికార్డు ఒప్పుకోలేదు. పైవాడు అభ్యంతరం చెప్పలేదు గనక ఆయనా ఊరుకున్నారు.

తర్వాత వచ్చేది బంగార్రాజు. డెబ్భై రెండేళ్ల మనిషి, లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భుజం మీది తువ్వాలు తీసి హార్మోనియం తుడుస్తాడు, ఒక్కో మెట్టునీ పేరుపేరునా పలకరిస్తూ.

పేరుపేరునా అన్నది మాటవరసకి కాదు. ఆ సంఘంలో ఎవరు పోయినా, తర్వాతి ఆదివారానికల్లా హార్మోనియంలో ఒక మెట్టు వెచ్చబడుతుంది. ఆ రోజునుంచి అది వాళ్ల గొంతుతో పలుకుతుంది. ఊరికే వేలు పెట్టి నొక్కితే ఉత్త గాలే వస్తుంది. నలుగురూ కలిసి పాడాలి, అదీ ఆ పోయినవాళ్లు బతికుండగా ఇష్టంగా పాడిన పాటైతేనే. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు ఫ్యాను స్విచ్చి ఎక్కడని అడుగుతారు గానీ దీని సంగతి ఎవరూ అడగరు.

పాయింట్స్‌మన్ పోలయ్య నడిమి మెట్లలో ఉన్నాడు, దగ్గుతో సహా. గూడ్సు బండి ఆఖరి పెట్టెలో గార్డుగా తిరిగిన శంకరరావు ఎడమ పక్క నాలుగో తెల్ల మెట్టు. ఇంట్లో ముప్పై ఏళ్లు నోరెత్తని మనిషి ఇప్పుడు వారం వారం ఎలా మోగుతున్నాడో చూడమని, ఆయన భార్య అచ్చియమ్మని ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

"అక్కడైనా పాడనీండి. ఇంట్లో నానెప్పుడు పాడనిచ్చినాను గనక," అని ఆవిడా నవ్వేసేది.

కూతురు తనూజ బతికున్న రోజుల మాట అది.

అచ్చియమ్మ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. పాత కీర్తనలు మూడొందల దాకా పుస్తకం తెరవకుండా పాడుతుంది. తనూజకి ఆ పుస్తకం తెరిచినా లాభం లేదు, తెలుగు చదవడం రాదు. చదువంతా హిందీలో, మాట్లాడ్డం తెలుగులో. మొబైల్ షాపులో పని. డీజిల్ షెడ్డులో అప్రెంటిసుగా ఉన్న రాజేంద్ర గిటారు వాయిస్తే తనూజ పాడేది. రెండేళ్ల కింద క్రిస్మస్ ముందు, చర్చిలో తన పాటొకటి పాడతాననీ, గిటారూ డ్రమ్సూ తెచ్చుకుంటామనీ కమిటీని అడిగింది.

"దేవుడి మందిరమా, ధుమాల్ బండా?" అంది అచ్చియమ్మ నిండు మీటింగులో. వినాయకుడి ఊరేగింపులో స్పీకర్లు పేర్చుకుని గుండెలదిరేలా పోయే బండిని అక్కడ ధుమాల్ అంటారు.

"దావీదు గంతులే వేశాడు కదమ్మా దేవుడి మందసం ముందు."

"దావీదు రాజు. నువ్వెవర్తివే?"

"గార్డుగారి అమ్మాయిని."

అందరూ నవ్వారు. ఆదినారాయణగారు కూడా నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. బంగార్రాజు మాత్రం నవ్వకుండా అన్నాడు: "మరి ఈ పెట్టె ఎక్కడిదనుకున్నావు చెల్లీ? రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నాటకం ఆడ్డానికి వొచ్చినోళ్లు వొదిలీసి పోయిందే. అప్పటి పెద్దలూ ఇలగే మొత్తుకున్నారు, నాటకాల పెట్టి మందిరంలో ఏటని."

"అది వేరు అన్నయ్యా."

"ఏటి వేరు?"

"వేరంటే వేరు."

దానికి మించిన వాదన ఆ ఊళ్లో ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. గిటారు, డ్రమ్స్ వద్దని తీర్మానం రాశారు. తనూజ దయాల్‌బంద్ పేటలో కుర్రకారు ఒక హాల్లో చేసుకునే ప్రార్థనకి వెళ్లడం మొదలుపెట్టింది. ఆదివారాలు తల్లీ కూతురూ ఒకే గుమ్మంలో చెప్పులు తొడుక్కుని చెరో వైపు నడిచేవారు.

ఒకరోజు పక్క దులుపుతుంటే తల్లికి తనూజ నోటుబుక్కు దొరికింది. నిండా హిందీ అక్షరాలు. అచ్చియమ్మకి కూరగాయలవాడితో తగువాడేంత హిందీ వచ్చు గానీ చదవడం రాదు. పాటల్లా విరగ్గొట్టి రాసి ఉంటే సినిమా పాటలే అనుకుంది. బీరువాలో పెట్టి తాళం వేసింది.

"నా బుక్కు ఏదీ?"

"నీ సినిమా పాటలు నా దగ్గరున్నాయి. ఇయ్యను."

తనూజ ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసి ఫక్కుమని నవ్వింది. "అచ్ఛా, ఉంచుకో. చదివి ఎలా ఉన్నాయో చెప్పు."

నిజం చెప్పేయవచ్చు. కానీ అమ్మే కనుక్కోవాలని ఆ పిల్ల పంతం, వేళాకోళం. తొందరేముంది అనుకుంది. ఆ వానల్లోనే కామెర్లు వచ్చాయి. పదకొండు రోజులు. ఇరవై మూడేళ్లు.

తర్వాతి ఆదివారం కుడి పక్క మూడో నల్ల మెట్టు వెచ్చబడింది.

బంగార్రాజు నేర్చింది ఒకటే శ్రుతి. పాటలన్నీ తెల్ల మెట్ల మీదే వాయిస్తాడు, నల్లవాటిని దుమ్ము తుడవడానికే ముట్టుకుంటాడు. పది నెలల పాటు ఏ కీర్తనా ఆ మెట్టు దాకా పోలేదు. ఒకసారి జాలిపడి ఒక వరసని తంటాలుపడి అక్కడికి లాక్కెళ్లాడు. మెట్టు ఉస్సుమంది, అంతే.

"బతికుండగా పాడని పాట ఇప్పుడు పాడతాదేటి," అని వెనక ఎవరో మెల్లిగా అన్నారు. మెల్లిగానే, కానీ ముందు బల్ల దాకా వినబడింది.

ఆ రోజునుంచి అచ్చియమ్మ పాడటం మానేసింది. పుస్తకం తెరిచి పట్టుకుని నోరు మూసుకుని నిలబడేది. ఎదురుగా మొగుడు నాలుగో మెట్టులోంచి ఖంగుమని పాడుతూ ఉండేవాడు. కూతురు కోసం చెవి రిక్కించి, ఆశీర్వాదం అయ్యాక అందరికన్నా ఆఖర్న లేచి వెళ్లేది.

ఎండలు ముదిరాక బంగార్రాజుకి పక్షవాతం తగిలి ఎడమ చెయ్యి పట్టు తప్పింది. డాక్టరు తొందరగా చూశారు గనక మనిషి నిలిచాడు. కానీ హార్మోనియానికి గాలి కొట్టేది ఆ చెయ్యే. పక్కన నిలబడి కొడతామని ఒకరిద్దరు ముందుకొచ్చారు. "ఊపిరి ఒకడిదీ పాట ఒకడిదీ అయితే కుదరదు," అని ఆయన ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం ఆఖరిసారి వాయించి, ఆపై వారం నుంచి కీబోర్డు పెడదామని, వాయించేవాళ్లు దొరికేదాకా హార్మోనియానికి బట్ట కప్పి లోపలి గదిలో ఉంచుదామని ఆదినారాయణగారు ప్రకటించారు. చెబుతూ చెబుతూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మూడో తెల్ల మెట్టు ఆయన తల్లి.

ఒక్క ఆదివారం మిగిలింది. అచ్చియమ్మ మంగళవారం బండికి విజయనగరం టికెట్టు తీయించుకుంది, తమ్ముడి దగ్గరికి, ఇక తిరిగి రాకుండా. వినబడే ఆశే లేనప్పుడు ఈ ఊళ్లో ఎవరి కోసం ఉండాలి? శనివారం సాయంత్రం బీరువా ఖాళీ చేస్తూ నోటుబుక్కు తీసి, రాజేంద్ర వాళ్ల క్వార్టరుకి వెళ్లింది.

"ఇవిగో బాబూ, మీ సినిమా పాటలు. నువ్వే ఉంచుకో."

రాజేంద్ర నిలబడే పేజీలు తిప్పాడు. మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు.

"ఆంటీ, యే తో... ఇది హిందీ కాదు. తెలుగే."

"ఏటి?"

"మాకు తెలుగు అక్షరాలు రావు కదా. తెలుగు పాటైనా హిందీ అక్షరాల్లోనే రాసుకుంటాం. ఇవన్నీ దేవుడి పాటలు. పదకొండు ఉన్నాయి. తనూజే సొంతంగా కట్టింది. ఇదిగో, క్రిస్మస్‌కి పాడతానన్నది ఇదే."

"చదువు."

వేలు పెట్టి చదివాడు:

"ఔటర్లో ఆగిన బండిని నేను, పచ్చ దీపం చూపవా ప్రభూ. ఆఖరి పెట్టెలో నాన్న ఉన్నాడు, ఇంటికి దారి ఇయ్యవా ప్రభూ."

అచ్చియమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "దేవుడి పాటలో ఔటరు సిగ్నలేటే, నీ మొహం," అంది, పిల్ల ఎదురుగా ఉన్నట్టే. అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

కొంగు తీసి మొహం తుడుచుకుని అడిగింది. "ఎలగ పాడేది?"

రాజేంద్ర పాడాడు. 'ప్రభూ' దగ్గర గొంతు పైకెక్కలేక విరిగింది. "అక్కడ నాకు అందదు ఆంటీ. తనూజకే అందేది."

మర్నాడు ఆరాధనకి ముందే అచ్చియమ్మ పాస్టరుగారి బల్ల దగ్గరికి వెళ్లింది. "అయ్యగారూ, ఆ తీర్మానం కొట్టీండి."

"కమిటీ కూర్చోవాలి కదమ్మా."

"అది రాయించింది నానే. కొట్టించడానికీ నానే వొచ్చినాను."

ఆదినారాయణగారు కొట్టేశారు. పార్సిల్ ఆఫీసు అలవాటు పోలేదు గనక, కొట్టివేత పక్కన తారీఖు వేసి సంతకం చేశారు.

రాజేంద్ర గిటారు తెచ్చాడు, వాళ్ల స్నేహితుడొకడు డ్రమ్ ప్యాడు తెచ్చాడు. గంటసేపు బంగార్రాజుకి వరస నేర్పారు, తనూజ పాడే శ్రుతిలోనే. "ఈ వయసులో నల్ల మెట్లు ఎక్కిస్తున్నావురా మనవడా," అని ఆయన విసుక్కుంటూనే నేర్చుకున్నాడు. జనం వచ్చాక రాజేంద్ర ఒక్కో లైనూ చెబితే అందరూ అందుకున్నారు. దరువు మొదలవగానే ఇద్దరు ముసలివాళ్లు మొహం చిట్లించారు. వాళ్లలో ఒకాయన కాలు మాత్రం ఆయన్ని అడక్కుండానే తాళం వేసింది.

పాట 'పచ్చ దీపం చూపవా' దాకా వచ్చింది. బంగార్రాజు వేలు నల్ల మెట్టు మీదికి వెళ్లింది. అదే క్షణంలో ఎడమ చెయ్యి గాలితిత్తి మీంచి జారిపోయింది. గాలి చాలలేదు. ఉస్సుమంది.

బంగార్రాజు తలొంచుకున్నాడు. పాడేవాళ్లు ఆగిపోయారు. ముందు బల్ల మీంచి అచ్చియమ్మ లేచి, గబగబా వెళ్లి హార్మోనియం వెనక చేరింది. తిత్తి మీద చెయ్యి వేసింది.

"వాయించన్నయ్యా. గాలి నాను కొడతాను."

ఈసారి ఆయన కాదనలేదు. మళ్లీ మొదట్నించీ ఎత్తుకున్నారు. 'పచ్చ దీపం చూపవా' అన్నారు. మెట్టు దిగింది.

"ప్రభూ..."

కొంచెం ముక్కుతో, చివర్న నవ్వు దాచుకున్న గొంతు. రాజేంద్ర గిటారు మీదికి వంగిపోయాడు. ఆ గొంతు అమ్మా అని పిలవలేదు. పోనీలే అనలేదు. పాటలో ఉన్న మాటే అంది, పాటలో ఉన్నన్నిసార్లే అంది. అచ్చియమ్మ ఏడుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ఒక్క తాళం తప్పలేదు. ఎక్కడ తప్పితే ఎవరికి ఊపిరాడదో ఆ చేతికి తెలుసు.

మంగళవారం బండి వెళ్లిపోయింది. సీటు ఖరారు కానివాళ్లెవరికో ఆ బెర్తు దొరికి ఉంటుంది.

హార్మోనియం ఉన్నచోటే ఉంది. పక్కన డ్రమ్ ప్యాడూ ఉంది. మొహాలు చిట్లించేవాళ్లు చిట్లిస్తూనే ఉన్నారు. "సౌండు తగ్గించరా, ధుమాలనుకున్నావేటి," అని అందరికన్నా గట్టిగా కసిరేది ఇప్పటికీ అచ్చియమ్మే. మధ్యాహ్నాలు రాజేంద్ర చెల్లెలి దగ్గర కూర్చుని హిందీ అక్షరాలు దిద్దుతోంది. ఇంకా పది పాటలు ఉన్నాయి. చదివి ఎలా ఉన్నాయో చెప్పాలి కదా.

ఆదివారాలు బంగార్రాజు పక్కన స్టూలు వేసుకుని గాలి కొడుతుంది. తను పాడదు, వింటుంది. పాట అయిపోయి, ఆయన వేలు నల్ల మెట్టు మీంచి లేచిపోయాక కూడా ఆవిడ చెయ్యి ఇంకో రెండుసార్లు, మూడుసార్లు తిత్తి నొక్కుతుంది.

ఆదినారాయణగారు అప్పటిదాకా ఆమెన్ అనకుండా ఆగుతారు.