బండి పెట్టిన దండం

అబ్బులు బావ చేతులు శుభ్రంగా ఉన్నాయి. అది చూసే ఆయన చచ్చిపోయాడని నాకు తెలుస్తుంది, ఎందుకంటే ముప్పై ఏళ్ళు గోకవరంలో మెకానిక్ షెడ్డు నడిపిన ఆ మనిషిని గోళ్ళలో మసి లేకుండా, మా అక్కతో పెళ్ళినాడు కూడా, నేను చూడలేదు. తన షెడ్డులోనే ముక్కాలి పీట మీద కూర్చుని జామకాయ తింటున్నాడు, షెడ్డుకి మాత్రం వెనక గోడ లేదు, గోడ ఉండాల్సిన చోటు నుంచే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మొదలై వెదురుపొదల్లోకి మెలికలు తిరుగుతూ ఎక్కిపోతోంది, మొదటి మలుపులో నడిరోడ్డు మీద నా లేత్ మిషను కరెంటు లేకుండానే తిరుగుతోంది, ఒక ఆవు దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతోంది. ఇదంతా నాకు మామూలుగానే ఉంది.

"ఎప్పుడొచ్చావు బావా?" అంటాను.

"నువ్వు రమ్మన్నప్పుడే," అంటాడు, నోట్లో గింజ ఉమ్మేసి. "దెయ్యాలకి తలుపు మీద రాస్తారే, రేపు రా అని, బతికున్న మనిషికి మూణ్ణెల్లు అదే చెప్పావు కదరా సూరీ. అందుకే వచ్చాను. యాక్సిల్ ఏదీ?"

నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఆయన నన్ను అడిగింది ఒక్క పని. మా తాయారక్క మారేడుమిల్లి దాటాక కొండ మీద ఒక ఊళ్ళో నర్సు. బావే తన ముసలి బుల్లెట్టు మీద దింపి, మళ్ళీ తీసుకొచ్చేవాడు. ఎక్కేటప్పుడు అక్క రాణీలా కూర్చునేది, దిగేటప్పుడు మాత్రం ప్రతి పెద్ద మలుపు దగ్గరా బండి ఆపించి, "నీ బండికి బ్రేకు లేదు, నాకు ప్రాణం ఉంది" అని కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచేది. ఆవిడ కోసమే బావ డిస్కు బ్రేకు పెడదామని, పాత సామాన్ల కొట్టులో ముందు ఫోర్కు ఒక బండిది, డిస్కు చక్రం ఇంకో బండిది పట్టుకొచ్చాడు. ఆ రెండిటికీ కుదిరే యాక్సిల్, అదే ఇరుసు, ఏ షాపులోనూ దొరకదు, దాన్ని నేను లేత్ మీద ఇనప కడ్డీ చెక్కి తీసివ్వాలి. "రేపు బావా" అంటూ రోజులు నెట్టాను. ఒక ఉదయం షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు.

"తీశాను బావా," అంటాను. "నీ సంవత్సరీకం రాకముందే తీశాను."

"చూపించు."

జేబులో చెయ్యి పెట్టి లాగితే ఇరుసు వస్తుంది, వస్తూనే ఉంటుంది, చెరుకుగడంత పొడుగు వచ్చి ఆగుతుంది, బావ చేతిలోకి వెళ్ళేసరికి మళ్ళీ జానెడున్నరై బుద్ధిగా కూర్చుంటుంది. ఆయన ఒక కన్ను మూసి, వెలుతురుకి అడ్డం పెట్టి, వేలితో తిప్పి చూస్తాడు.

"నూలుపోగంత తేడా లేదురా," అంటాడు.

బతికుండగా ఆ మాట ఒక్కసారీ అనలేదు మహానుభావుడు. నాకు సంతోషం ఆగదు, దాని వెనకే దుఃఖం తన్నుకొస్తుంది.

"తేడా లేకపోతే ఎందుకు కుదరడం లేదు బావా? ఫోర్కు బిగించాను, చక్రం ఎక్కించాను, బ్రేకు ఠక్కున పడుతోంది. కానీ కుదుపులు మింగాల్సిన ఫోర్కు కిందకి దిగడం లేదు, కర్ర పాతినట్టు నిలబడిపోయింది, చిన్న గుంటలో పడినా భుజాలు ఊడొస్తున్నాయి. నాలుగు రోజుల్నించి విప్పడం, బిగించడం. అక్కకి విసుగొచ్చింది, నడవని బండిని రోజూ చూడలేను, ఆదివారం దాకా చూసి అమ్మెయ్యరా అంది. ఇవాళే ఆదివారం. అయిదింటికి రంపచోడవరం నుంచి కొనేవాడు వస్తున్నాడు. నువ్వుండగా తీసిచ్చి ఉంటే నువ్వే సరిచేసుకునేవాడివి. నేనే చేశాను ఇదంతా."

చెబుతూనే ఏడుస్తున్నాను. బావ ఓదార్చడు, సగం కొరికిన జామకాయ నా చేతిలో పెడతాడు, కొరికితే అది మళ్ళీ నిండు కాయ అవుతుంది. ఘాట్ రోడ్డు మీద నుంచి చల్లటి గాలి షెడ్డులోకి దిగుతుంది.

"దండం పెట్టించావా?" అంటాడు.

ఆ దండం సంగతి గోకవరంలో అందరికీ తెలుసు. ముందు చక్రం విప్పి బిగించిన ఏ బండినైనా బావ ఆఖర్న ఆంజనేయస్వామి పటానికి ఎదురుగా తోసుకెళ్ళి, హ్యాండిలు పట్టుకుని మూడుసార్లు కిందకి వంచేవాడు, బండి వంగి వంగి దండం పెట్టేది, బండి తాలూకు మనిషి కూడా చెంపలు వేసుకునేవాడు. నేను కొలతల మనిషిని, కొలిచి చూసిందే నమ్ముతాను. "నీ భక్తి బళ్ళకి కూడా అంటించావా బావా" అని ఎన్నిసార్లు వెక్కిరించానో.

"నాకు అలాంటి నమ్మకాలు లేవు కదా," అంటాను.

బావ పీట మీద నుంచి పడేంతగా నవ్వుతాడు, ఆయన నవ్వుకి లేత్ మిషను ఆగిపోతుంది, ఆవు వెనక్కి తిరిగి చూస్తుంది.

"అటు చూడరా కొలతల మనిషీ."

చూస్తాను. గోడ లేని చోట, రోడ్డు మీద, ఆంజనేయస్వామి పటం మేకూ లేకుండా గాల్లో వేలాడుతోంది.

"బండిని ఆ పక్కకి ఎందుకు తోసేవాణ్ణి?"

"స్వామి ఉన్నాడని."

"గోడ ఉందని! స్వామిని తర్వాత మీ అక్క తగిలించింది. ఆ పాత బళ్ళ డ్రమ్ము బ్రేకులు పట్టి చస్తేనా? చక్రం గోడకి ఆనిస్తేగానీ బండి కదలకుండా ఉండదు. ఇరుసు నట్టు బిగించి, పక్కన ఇరుసుని కరిచిపట్టే చిన్న బోల్టు ఉంటుందే, దాన్ని వదులుగా ఉంచి, మూడుసార్లు వంచితే ఫోర్కు కాళ్ళు రెండూ వాటి చోటు అవి చూసుకుంటాయి. ఆ తర్వాతే చిన్న బోల్టు. నువ్వు ముందే బిగించేసి ఉంటావు, ఆ కాళ్ళు కొత్త కాపరంలో మొగుడూ పెళ్ళాల్లా చెరో పక్కకీ లాక్కుంటున్నాయి."

"మరి దండమని ఎందుకు చెప్పేవాడివి?"

"నేనెప్పుడు చెప్పాను? వాళ్ళే అనుకునేవాళ్ళు. ఒకాయన కొబ్బరికాయ కూడా తెచ్చాడు. వద్దంటే బాధపడతాడని తీసుకున్నాను, మీ అక్క పచ్చడి చేసింది."

ఇద్దరం నవ్వుతున్నాం. నవ్వుతూనే చూస్తే పీట పైమలుపు దగ్గర ఉంది, బావ అక్కడే ఉన్నాడు, నేను కింద ఉన్నాను.

"నా మీద కోపం లేదా బావా?" అని అరుస్తాను.

"ఎందుకు లేదు? పెద్దకర్మనాడు గారెలన్నీ నువ్వే తినేశావు."

"ఉండు బావా. బండి కదిలేదాకా చూసి వెళ్ళు."

"నేను ఎదురుగా ఉంటే నువ్వు మళ్ళీ రేపంటావురా. లే. బోల్టు వదులు చెయ్యి."

లేచాను. షెడ్డులో గోనెపట్టా మీద ఉన్నాను, మధ్యాహ్నం అక్క పెట్టిన పప్పుచారన్నం ఇంకా బరువుగానే ఉంది, గడియారంలో నాలుగున్నర అవుతోంది. వెనక గోడ దాని చోట అది ఉంది, పటం మేకుకే ఉంది. పటం కింద, మోకాలి ఎత్తున, సున్నం మీద టైర్లు రాసుకున్న నల్ల మరక ఉంది, ముప్పై ఏళ్ళ మరక. ఇన్నాళ్ళూ నేను పటాన్ని చూసి నవ్వాను గానీ, దాని కింద గోడని చూడలేదు.

చిన్న బోల్టు వదులు చేశాను. చక్రాన్ని గోడకి ఆనించి హ్యాండిలు మీద బరువంతా వేశాను. మొదటిసారి కిర్రుమంది. రెండోసారి కొంచెం దిగింది. మూడోసారి ఫోర్కు మెత్తగా కిందకంటా దిగి, మెత్తగా పైకి లేచింది. అప్పుడు చిన్న బోల్టు బిగించాను.

వెనక నుంచి అక్క టీ గ్లాసుతో వచ్చింది. "వాడు బస్సెక్కాడటరా, ఇప్పుడే ఫోన్ చేశాడు," అని, నన్నూ బండినీ చూసి ఆగింది. "ఏంట్రా, నువ్వు కూడా దండాలు మొదలెట్టావా?"

"వాడికి ఫోన్ చేసి రేపు రమ్మని చెప్పక్కా."

"రేపైనా అమ్మాలి కదా?"

"రేపు కూడా రేపే రమ్మందాం. ఎక్కు, మలుపుల దాకా పోయొద్దాం. దిగేటప్పుడు నువ్వు నడవక్కర్లేదు."

అక్క గ్లాసు పీట మీద పెట్టి, వంగి ఆ డిస్కు చక్రాన్ని చూసింది. తర్వాత కుచ్చిళ్ళు సర్దుకుంది. నేను బండిని వెనక్కి లాగాను. గోడ మీద పాత మరకకి వేలెడు కిందగా, చిన్నగా, కొత్త మరక ఒకటి పడి ఉంది.