మందు పెట్టిన చెయ్యి

కోస్గి దవాఖానలో డాక్టర్ అడిగిన మాటకు గుర్వమ్మ ఒళ్లు భగ్గుమంది.

"పిల్లగానికి ఏమన్న మందు పెట్టిన్రా?"

మందు పెట్టడమా! మనిషిని చంపడానికో, వశం చేసుకోవడానికో అన్నంలో ఏదో కలపడాన్నే కదా ఆమె ఊళ్లో ఆ మాట అంటారు! ఆ నింద మీదే ఆమె మేనత్తను ఊరు వెళ్లగొట్టింది. సొంత మనవడికి ఎవరైనా మందు పెడతారా?

"నా చేతులిరిగిపోను, నేనెందుకు పెడ్త సారూ? గసొంటిదాన్ని కాదు."

బల్ల మీద నాలుగు నెలల రిత్విక్ తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు. గిల్లినా ఏడవడం లేదు. గుండె మాత్రం దడదడా కొట్టుకుంటోంది. కోడలు మనీష వాడి కాళ్లు పట్టుకుని, "కండ్లు తెరువు బిడ్డా" అని ఏడుస్తోంది.

"కడుపుల ఏం పడ్డదో తెలిస్తేనే నాకు తొవ్వ దొరుకుతది," అన్నాడు డాక్టర్.

కడుపులో పడ్డది! గుర్వమ్మకు అప్పుడు తట్టింది. పొద్దున వాడు కడుపునొప్పితో గుక్కపెడితే, సానరాయి మీద జాజికాయ అరగదీసి పాలలో రంగరించి నాకించింది. కన్నపిల్లలందరినీ అట్లాగే పెంచింది. కానీ అప్పటి పాత సాన అరిగి నున్నబడ్డది, ఎంత తిప్పినా రవ్వంతే దిగేది. అది పగిలితే మొన్న జాతరలో కొత్తది కొన్నది. గరుకు రాయి. దాని మీదా పాత లెక్కనే తిప్పింది. గంధంలా చిక్కగా దిగితే, కాయ మంచిదని మురిసిపోయింది కూడా. ముసలిదాని తెలివి తెల్లారినట్టే ఉంది!

చెబితే మనీష ఇక బిడ్డను తన ఒళ్లో పెడుతుందా? మేనత్త మొహం కళ్లముందు మెదిలింది. గుర్వమ్మకు భయమేసింది, సిగ్గేసింది. అంతలో రిత్విక్ చెయ్యి బల్ల అంచు మీంచి జారి వేలాడింది.

"పెట్టిన సారూ," అంటూ కొంగుముడి విప్పి జాజికాయ బల్ల మీద పెట్టింది. "నేనే పెట్టిన. కడుపునొస్తాందని అరగదీసిన. శానా దిగింది."

జాజికాయ ఎక్కువైతే పసికందుకు విషమేనని తెలిసిన డాక్టర్, తిట్టడానికి కూడా ఆగకుండా నర్సును కేకేశాడు.

సాయంత్రానికి రిత్విక్ కళ్లు తెరిచి గుక్కపెట్టాడు. పొద్దున ఏ ఏడుపు ఆపాలని ఆమె సాన ముందు కూర్చుందో, అదే ఏడుపు. గుర్వమ్మకు ప్రాణం లేచివచ్చింది. అలవాటుగా రెండు చేతులూ చాచింది.

మనీష బిడ్డను గుండెకు హత్తుకుని పక్కకు తిరిగింది.

"వద్దు అత్తమ్మా. నీ చేతులు ఇంకా గదే వాసనొస్తున్నయి."

"కడుక్కొనొస్త బిడ్డా."

గుర్వమ్మ నల్లా కింద సబ్బుతో రుద్దుకుంటూ నిలబడింది. వెనక వాడింకా ఏడుస్తూనే ఉన్నాడు. ఎంతసేపు కడిగినా మనీష పిలవలేదు.