ఆనపపాదుకి మంచినీళ్లు

కెజియాకి అత్తగారి మీద ఒకటే కోపం. తిండి దగ్గరా బట్టల దగ్గరా పాపాయమ్మ ఎంతో మంచి మనిషి. నీళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆవిడకి కోడలికన్నా పెరట్లో ఆనపపాదే ఎక్కువ.

కలిదిండి పక్కన ఆ ఊళ్లో నీళ్లు రెండు రకాలు. బోరు నీళ్లు ఉప్పు. స్నానానికీ గిన్నెలకీ అవే. తాగడానికీ వంటకీ మాత్రం ఊరి చివర మంచినీళ్ల చెరువు నుంచి కెజియా మొగుడు రాజ్ కుమార్ పనికెళ్లే ముందు సైకిల్ మీద తెచ్చిపెట్టాలి. ఎండాకాలం కాలవలు కట్టేశాక ఆ చెరువూ అడుగంటుతుంది. అలాంటి రోజుల్లో కూడా పాపాయమ్మ సాయంత్రమయ్యేసరికి బిందెలోంచి చెంబు ముంచి, చంటిపిల్లకి పాలు పట్టినట్టు పాదు మొదట్లో పోసేది. భీమడోలులో గోదావరి కాలవ నీళ్లతో పెరిగిన కెజియా ఉప్పునీళ్లతో తల రుద్దుకుని, అట్టలు కట్టిన జుట్టుని దువ్వెనతో పీక్కునేది.

"మొక్కపాటి చెయ్యనేమోలెండి," అని మొగుడి దగ్గర సణిగేది. అతను తల్లినీ ఏమీ అనలేక, పెళ్లాన్నీ ఏమీ అనలేక సైకిల్ తుడుచుకుంటూ కూర్చునేవాడు.

పాపాయమ్మ గోలకీ కారణముంది. ఆ విత్తనం ఆవిడ పుట్టింటి లంకది. వరదొచ్చి అక్కడి పెరళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఈ ఊళ్లో గుమ్మాల దాకా రొయ్యల చెరువులు తవ్వేశాక కూరపాదు ఉన్న ఇల్లు ఇదొక్కటే మిగిలింది. విత్తనానికని వదిలిన కాయ ఒక్కటి పందిరికి వేలాడుతోంది. అది ముదరకముందే పాదు ఎండిపోతే ఆ రకం ఇక లేనట్టే.

సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించిన మరుసటేడు వేసవిలో పాపాయమ్మ కంటి ఆపరేషన్‌కి ఏలూరులో కూతురింటికి వెళ్లింది. బస్సెక్కుతూ కూడా అదే మాట.

"పాదుకి మంచినీళ్లేనే అమ్మాయ్. మరిచిపోకు."

"అలాగేనండీ అత్తయ్యగారూ."

ఆ మాట బస్సు మలుపు తిరిగేదాకే నిలిచింది. చేపల చెరువు నీళ్లు పెడితే కూరమొక్కలు ఏపుగా లేస్తాయని కెజియా పుట్టింట్లో కళ్లారా చూసింది. ఇక్కడ పెరటి వెనకే రొయ్యల చెరువు నిండుగా ఉంది. చేపైనా రొయ్యైనా చెరువు చెరువే కదా! ఆ సాయంత్రం పాదుకి బకెట్లతో చెరువు నీళ్లు పోసి, మంచినీళ్లు కాచుకుని హాయిగా తలంటుకుంది. జుట్టు పట్టులా జారింది. పెళ్లయ్యాక అంత సుఖంగా ఆమె ఎన్నడూ నిద్రపోలేదు.

కొన్నాళ్లకి ఆకుల అంచులు మాడాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకో బకెట్ పోసింది. తీగ తల వాల్చేస్తే మరో రెండు పోసింది. అది వాడినకొద్దీ ఈమె పోస్తూనే ఉంది. ఒక పొద్దున చూస్తే పాదు చుట్టూ మట్టి తెల్లగా పొక్కు కట్టి ఉంది. వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు.

రొయ్యల కోసం చెరువులోకి తోడేవీ ఉప్పు బోరు నీళ్లేననీ, ఎండకి అవి ఇంకా చిక్కబడతాయనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. "ప్రభువా, ఆవిడొచ్చేదాకా దీన్ని నిలబెట్టు," అనుకుంటూ పై మట్టంతా గీకి పారేసింది. ఇంట్లో ఉన్న మంచినీళ్లన్నీ పాదులో కుమ్మరించింది. రాజ్ కుమార్ మళ్లీ సైకిల్ తీశాడు.

పాపాయమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. వంగకూడదు, తల తడపకూడదు అని డాక్టరు చెప్పాడట. చెప్పులు విప్పీ విప్పకుండానే పెరట్లోకి నడిచి తీగ తడిమింది. ఎండుటాకు చేతిలో పొడైపోయింది.

అబద్ధమాడాలంటే సులువే. ఎండలు అలాగే ఉన్నాయి. కాని ఆ తడిమే చెయ్యి చూశాక కెజియాకి నోరు రాలేదు.

"ఎండ కాదండీ అత్తయ్యగారూ. నేనే. దానికి రొయ్యల చెరువు నీళ్లు పోశానండీ. దాని మంచినీళ్లతో నేను తలంటుకున్నాను."

పాపాయమ్మ చేతిలోని ఆకు పొడిని పాదు మొదట్లోకి దులిపింది. తిడితే బాగుండునని కెజియా ఎదురుచూసింది.

"జుట్టు మెత్తబడిందా?" అంది చివరికి.

కెజియా భోరుమంది. "మెత్తబడిందండీ."

"ఆ నీళ్లు నేనెప్పుడూ తలకి పోసుకోలేదే. దానికి చాలవేమోనని."

ఆ తర్వాత కెజియా పూటపూటా మంచినీళ్లే పోసింది. తన తలకి మళ్లీ ఉప్పునీళ్లే. కింది ఆకులన్నీ రాలిపోయాయి. ఒక కణుపు దగ్గర మాత్రం గోరంత పచ్చటి చిగురు లేచింది. ఆ చిగురు చూసి కెజియా వంటింట్లోకి పరుగెత్తి అత్తగారిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. కాయ కూడా రంగు తిరిగి గట్టిపడుతోంది.

తలస్నానం చెయ్యొచ్చని డాక్టరు చెప్పిన రోజున కెజియా కుంకుడుకాయలు కొట్టింది. మంచినీళ్లు కాచి, పీట తీసుకెళ్లి పాదు పక్కన వేసింది.

"ఇక్కడెందుకే? నాకు బోరు నీళ్లు చాలు. అవి దానికి పొయ్యి," అంది పాపాయమ్మ.

"దానికేనండీ. మీ మీద నుంచి వెళ్తాయి, అంతే. కూర్చోండి."

ముసలావిడ గొణుక్కుంటూనే కూర్చుంది. మొదటి చెంబు తల మీద పడగానే గొణుగుడు ఆగిపోయింది. నురగనీళ్లు వీపు మీదుగా జారి, కెజియా తీసిన చిన్న కాలవలోంచి పాదు మొదట్లోకి ఇంకాయి. పాపాయమ్మ తడిసిన జుట్టుని వేళ్ల మధ్య పట్టుకుని తడుముకుంటూ ఉండిపోయింది.

"అమ్మో, ఇంత మెత్తగా ఉంటాయా ఈ నీళ్లు!" అంది తర్వాత, పందిరి మీది పాదు వైపు చూసి. "ఇన్నేళ్లూ నువ్వెంత సుఖపడ్డావే!"